సరంగు పుస్తకంలో అమ్మ పేరు

రేచల్మ్మ జాతర అట. కొత్త అమావాస్యకి అనకాపల్లిలో రేచల్మ్మ తల్లి జాతర బ్రహ్మాండంగా జరుగుతుందట, పెళ్లికి ముందు యోహాన్ సరంగు ఆ జాతరకి వెళ్లి రంగులరాట్నం ఎక్కాడట, కళ్లు తిరిగి కిందికి దిగాక ఎవరూ చూడకుండా రేచల్మ్మకి ఓ దండం పెట్టుకున్నాడట. చర్చి గ్రూపు చూసుకునే కుర్రాడు ఉదయ్‌కుమార్ ఫోన్లో ఈ ముక్క చదివి వినిపించి, "అక్కా, ఈ రేచల్మ్మ ఎవలక్కా? నానెప్పుడూ ఇన్లేదు" అనేసరికి, గాజువాకలో అప్పుడే కదిలిన బస్సులో కిటికీ పక్కన కూర్చున్న దీనాకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నూకాలమ్మ! నూకాలమ్మ తల్లి జాతర కదా అది. నూకాలమ్మని రేచల్మ్మ చేసిందెవరు? ఇంకెవరు, దీనాయే. మొన్న మధ్యాహ్నం డీటీపీ సెంటర్లో, అన్నం డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుని, ఒక్క మీట నొక్కి. "ఉదయ్, ఆగాగు, ఆ పుస్తకం ఎవలికీ పంపీకు" అంది గొంతు బాగా తగ్గించి, ఎందుకంటే ఎడం భుజం మీద తల ఆన్చి అమ్మ నిద్రపోతోంది. "ప్రార్థన అవ్వగానే లింకు గ్రూపులో ఎట్టీమన్నారు గదక్కా పాస్టరు అయ్యగారు. మొదటి పేజీ ఆయనే మైకులో సదువుతారట." "నాను బస్సు దిగీలోపు సరిసేసి పంపుతాను." "బస్సులోనా?" "బస్సులోనే" అని పెట్టేసింది.

సంగతేమిటంటే, దీనా వాళ్ల నాన్న యోహాన్ పోర్టులో టగ్గు సరంగు. టగ్గంటే పెద్ద పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ, సరంగంటే దాని మీద పెత్తనం చేసే మనిషి. రిటైరయ్యాక సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని తన కథంతా ఫోనుకి చెప్పాడు. చెబితే రాసుకునే ఫోను అది, విన్నది రాసింది, విననిది ఊహించి రాసింది. ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది. విశాఖ పాతనగరం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక, ఆ కూడికలో ఆయన చెప్పిన కథ ఈబుక్కుగా బయటికి రావడం. తప్పులు దిద్దే పని దీనాది కాకపోతే ఇంకెవరిది, పెళ్లికార్డులూ చర్చి పత్రికలూ కంపోజు చేసీ చేసీ ఆమె కళ్లకి తప్పు అల్లంత దూరం నుంచే కనబడుతుంది. టగ్గు అన్నచోటల్లా ఫోను తగ్గు అని రాస్తే ఒక్క దెబ్బకి అన్నీ సరిచేసింది, అది మంచి పనే. ఆ ఊపులోనే పేరు దగ్గరికొచ్చింది. నాన్న ఒకచోట నా భార్య రేచల్ అంటాడు, మరుసటి వాక్యంలో నూకాలు అన్నం వడ్డించింది అంటాడు. చదివేవాళ్లు ఏమనుకుంటారు? సరంగుకి ఇద్దరు పెళ్లాలనుకోరూ? ఇన్నేళ్లు సంఘపెద్దగా ఉన్న మనిషికి ఇద్దరు పెళ్లాలా! పెళ్లికార్డులు దీనాకి నేర్పిన మొదటి నీతి ఒకటే, ఒక మనిషికి ఒకే పేరు. ఆధార్ కార్డులో అమ్మ పేరు రేచల్, చర్చిలో రేచల్, కాబట్టి నూకాలు అన్నచోటల్లా రేచల్. పైగా ఆ ఫోను నూకాలు అన్న పేరుని కొన్నిచోట్ల నూకలు అనీ, నూకల అనీ, కొన్నిచోట్ల నూకాల అనీ రాసి పెట్టింది, పోనీ అవి మాత్రం ఎందుకు వదలాలి అని వాటినీ కలిపి, అన్నీ మార్చు అని నొక్కింది. ఎంత హాయిగా నొక్కింది! ఆపైన పాత ఫైలు మీదే సేవ్ కొట్టి, కంప్యూటరు ఆపి, చేతులు కడుక్కుని అన్నం తింది.

ఇప్పుడు తిరగేసి దిద్దాలి. ఫోనులో పుస్తకం తెరిచి రేచల్ అని వెతికితే పేజీలనిండా పసుపు మచ్చలు. అన్నిటినీ మళ్లీ నూకాలు చేసెయ్యడానికి లేదు, వాటిలో నాన్న నోటితో అన్న రేచల్‌లు కూడా ఉన్నాయి. ఏది ఆయన అన్నది, ఏది తను రుద్దింది? పాత ప్రతి ఎక్కడా లేదు. ఆయన ఫోను, కథని కంప్యూటర్లోకి దించుకున్నాక, ఆయన వెనకాలే పోతానన్నట్టు నెల తిరక్కుండా వెలగడం మానేసింది. ఇక మిగిలినవి దీనా చెవులు. ఒక్కొక్క మచ్చ దగ్గరా ఆగడం, ఆ వాక్యాన్ని నాన్న గొంతుతో లోపల చదువుకోవడం, ఆ గొంతు ఏ పేరు మీదుగా తడబడకుండా సాగిపోతుందో వినడం, కుడిచేతి బొటనవేలితో ఒక్కొక్కటే కొట్టడం. ఎడంచేయి కదపడానికి లేదు, కదిపితే అమ్మ లేస్తుంది, లేస్తే ఏటి సేత్తన్నావంటుంది, అంటే ఏమని చెప్పాలి, నీ పేరు చెరిపేశానమ్మా అనా? తేలికవి ముందు. పొద్దున్నే రేచల్ జావ తాగి టగ్గెక్కాను. నూకల జావ, నాన్నా, నూకల జావ. పెరట్లో రేచల్ చల్లితే పిచికలొచ్చేవి. ఓలమ్మో! నవ్వు ఆపుకోబోతే భుజం అదిరింది, అమ్మ తల కొంచెం జారి మళ్లీ తన చోటు వెతుక్కుని కుదురుకుంది. అమ్మ జుట్టులోంచి కొబ్బరినూనె వాసన, కూడికకని కట్టుకున్న తెల్లచీరలోంచి గంజి వాసన, శ్రీహరిపురం దగ్గర ఏ ఇంట్లోంచో చేపల పులుసు వాసన. మధ్యాహ్నపు ఎండ బస్సులోకి పలకలు పలకలుగా వచ్చి ఒళ్లో పడి జారిపోతోంది. కూడిక మాట మరిచిపోతే ఇది నిద్రకి తగిన పూట.

నూకాలు. ఈ పేరు పెట్టింది జాలరిపేట సూర్యకాంతమ్మ, దీనాకి అమ్మమ్మ. కడుపున పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఈ ఒక్కటీ బతికితే నీ పేరే పెట్టుకుంటానని నూకాలమ్మకి మొక్కుకుంది, బతికింది, పెట్టుకుంది. ఆ బతికిన పిల్ల పెద్దదై ఫిషింగ్ హార్బర్లో చేపల గంప ముందు కూర్చుంటే, డ్యూటీ దిగిన ఓ కుర్ర ఖలాసీ రోజూ వచ్చి కానాగంతలు కొనేవాడు. రోజూ అవే. ఇంటిదగ్గర వాళ్లమ్మ ఆ చేపలు వండలేక, "ఒరే యోహానూ, సముద్రంలో ఇంకో చేప లేదురా" అని మొత్తుకునేదట. ఇది పుస్తకంలో ఉంది. "రేచల్ గంప ముందు నిలబడితే నాకు వేరే చేప కనబడేది కాదు." అప్పటికింకా రేచల్ ఎక్కడుంది, దీనమ్మా, బాప్తిస్మం ఇంకా రెండు పేజీల అవతల ఉంది కదా! నూకాలు. బొటనవేలు టకటకా కొట్టింది. బాప్తిస్మం రోజున అయ్యగారు రూతు, మార్త, రేచల్ అని పేర్లు చెప్పి ఏది కావాలమ్మా అంటే, నాలిక తిరిగే పేరు అని అమ్మ రేచల్ అందట. ఇది మాత్రం అసలైన రేచల్, దీన్ని ముట్టుకోకూడదు. సూర్యకాంతమ్మ ఆ రోజు చర్చికి రాలేదు. వారం తిరిగాక చేపల గంప నెత్తిన పెట్టుకుని పోర్టు క్వార్టర్ల వీధి మొదట్లో నిలబడి, నూకాలూ అని ఒక్క కేక వేసింది, ఆ వరసలో ఉన్న విశ్వాసులంతా కిటికీలు తెరిచేట్టు. ఎవరో, ఇప్పుడామె రేచల్ అమ్మా అని సర్దిచెప్పబోతే, "రేసలో గీసలో నాకు తెల్దు బాబూ, మా గుంటకి తల్లి పేరెట్టినాను, ఆ పేరుతోటే పిలుత్తాను" అంది. బతికున్నన్నాళ్లూ అలాగే పిలిచింది. గోడ పక్కన దాక్కుని ఆ కేక కోసం ఎదురుచూసే చిన్న దీనాకి, అమ్మ పేరులో అమ్మమ్మ గంపలో తెచ్చే మెత్తళ్ల వాసన ఉండేది.

మల్కాపురం దాటేసరికి సూత్రం దొరికినట్టే అనిపించింది. నలుగురిలో రేచల్, ఇంట్లో నూకాలు. చర్చి మెట్ల మీద రేచల్, గడప దాటి చెప్పులు విప్పగానే నూకాలు. ఆ సూత్రం పట్టుకుని గబగబా కొన్ని పేజీలు సరిచేసింది. ఇంతలో తెగింది. ఇంట్లోనే, వంటింటి గుమ్మంలోనే, పక్కన పిల్లి కూడా లేని చోట, "రేచల్ గారికి నా బీడీ కంపు పడలేదు" అని ఉంది. గారు! దీనా నుదురు కొట్టుకోబోయి చేయి ఆపుకుంది. అవును మరి, అలిగినప్పుడు ఆయన రేచల్ గారూ అనేవాడు. రేచల్ గారూ, తమకి తీరికుంటే కాసిన్ని మంచినీళ్లు. అమ్మ గ్లాసు ఠంగుమని పెట్టేది. ఆ ఠంగు ఇప్పుడు చెవిలో పడింది, కాదు, కండక్టరు చిల్లరతో ఇనప కడ్డీని కొడుతున్నాడు, సింధియా, సింధియా దిగాలి. అంటే చర్చి రేచల్ ఒకటి, అలక రేచల్ ఇంకొకటి. గారు ఉన్నచోట సరే, లేనిచోట అలకని ఎలా పట్టుకోవడం? నాన్న తను అలిగానని ఎక్కడా ఒప్పుకోడు కదా, మహానుభావుడు. "ఆ పూట రేచల్ చేతి కూర తినలేదు." ఇదిగో, ఇది అలకే. "ఆ పూట రేచల్ చేతి కూర తిని వెళ్లి ఉంటే బాగుండేది." ఇది? ఇది అలక కాదు, అలక పోయాక నీళ్ల మీద ఒంటరిగా నిలబడ్డప్పటి మాట. నూకాలు. ఒక్క కూర గురించి ఒక్క రోజులో రెండు పేర్లా? నువ్వు మామూలోడివి కావు నాన్నా.

సింధియాలో ఇళ్ల మధ్యనుంచి ఓడ పైభాగం కనబడుతుంది. చిన్నప్పుడు దీనా అది వీధిలో ఆగి ఉందనుకునేది, బస్సులాగే దానికీ స్టాపు ఉంటుందనుకునేది. ఎండకి ఓడ తెల్లటి మేడ గాలిలో వణుకుతోంది. కళ్లు బరువెక్కాయి. రేచల్, నూకాలు, రేచల్, నూకాలు, మచ్చలు మెల్లగా నీళ్లయ్యాయి, నీళ్ల మీద డీజిలు తెట్టు రంగులు తిరుగుతోంది, దాని మీద టగ్గు, టగ్గు మీద నాన్న. పోయేముందున్న నాన్న కాదు, మీసం నల్లగా ఉన్న నాన్న. తాడు చుట్ట చేత్తో పట్టుకుని మెల్లమెల్లగా వదులుతున్నాడు, తాడు ఎప్పుడూ గుంజకూడదే, బిగిసేదాకా ఓపిక పట్టాలి అని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. ఏటే దీనమ్మా, నా పుస్తకంలో ఏటి ఎతుకుతన్నావ్? నీ పెళ్లాం పేరు నాన్నా. అదేటి, పోయిందేటి? నానే పారీసేను. పారీసేవా, ఎక్కడ? అక్కడే, నీ మాటల్లోనే. నాన్న పగలబడి నవ్వుతున్నాడు, ఆయన నవ్వితే టగ్గు ఊగుతోంది, నీళ్లు ఊగుతున్నాయి, దిగి ఎతుకు మరి, లోతు లేదులే అంటున్నాడు, దిగితే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, కాలికి మెత్తగా ఏదో తగిలింది. బస్సు బ్రేకు పడింది. దీనా ఉలిక్కిపడి లేచి ముందు ఫోను జారలేదు కదా అని చూసుకుంది, తర్వాత అమ్మ తలని. రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

హుదూద్ తుపాను. "గాలి కాస్త ఆగినప్పుడు, రేచల్ ఒక్కతీ ఇంట్లో ఎలా ఉందో అనుకున్నాను." ఇక్కడ వినక్కర్లేదు, సూత్రమూ అక్కర్లేదు, ఇక్కడ దీనా సాక్షి. ఆ తుపాను రోజు పుట్టింట్లోనే ఉంది, కాన్పుకొచ్చి. ఒక్కతీ ఎలా ఉందో అట, నన్ను లెక్కలోకి తీసుకోలేదా నాన్నా? పోనీలే. రేకులు ఎగిరిపోయి, వీధిలో చెట్లన్నీ ఒకదానిమీదొకటి పడుకుని, కరెంటు లేదు, ఫోన్లు లేవు, పోర్టు ఏమైందో ఎవరికీ తెలీదు. మర్నాడు వీధి చివర్నుంచి చెట్లు దాటుకుంటూ, మోకాలు గీరుకుపోయిన నాన్న. ఇల్లింకా అల్లంత దూరం ఉండగానే పిలిచాడు, నూకాలూ అని. వీధివీధంతా బయటికొచ్చింది, చర్చివాళ్లూ ఉన్నారు, సంఘపెద్దలూ ఉన్నారు, ఆ రోజు ఎవరున్నా ఆయనకి రేచల్ గుర్తు రాలేదు. అమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. కన్నీళ్లు వచ్చేస్తున్నాయి, బస్సులో ఎలా ఏడవడం, ఎదురు సీటాయన ఇప్పటికే చూస్తున్నాడు. నూకాలు అని కొట్టి ముందుకెళ్లింది. అవుటర్ హార్బర్లో తాడు తెగిన రోజు. తెగిన తాడు తలమీదుగా ఈల వేసుకుంటూ పోయిందట, పక్కనున్న ఖలాసీ సింహాద్రి కళ్లు మూసుకున్నాడట. "నాకింకా భూమ్మీద రేచల్ ఉన్నాయి కాబట్టి బతికాను." దీనా ఆగిపోయింది. నూకలున్నాయి, అంతే, ఎవరైనా అనే మాటే. కానీ ఆ ఉన్నాయిని ఉంది చేస్తే చాలదూ? నాకింకా భూమ్మీద రేచల్ ఉంది కాబట్టి బతికాను. ఎంత బాగుంది! మైకులో చదివితే చర్చి చర్చంతా కళ్లు తుడుచుకుంటుంది. బొటనవేలు గాల్లో నిలబడింది. దిద్దడానికి అలవాటుపడ్డ వేలు అది, దానికి ఆశ ఎక్కువ. వద్దు. నాన్న అనని మాట ఎంత తియ్యగా ఉన్నా నాన్న మాట కాదు. నూకలు ఉన్నాయి అని పెట్టింది. పెట్టాక కాస్త దిగులేసింది, ఆ దిగులు కూడా మంచిదే అనిపించింది.

పసుపు మచ్చలు ఒకటొకటీ ఆరిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది, అది అన్నిటికంటే ముందున్నది. మొదటి పేజీ, పేజీకంతటికీ ఒకే వాక్యం. "ఈ పుస్తకం నా రేచల్‌కి." ఇక్కడ ఇల్లూ లేదు, చర్చీ లేదు, అలకా లేదు, తుపానూ లేదు. నాన్న గొంతుతో చదివితే రెండూ నడుస్తున్నాయి. నా రేచల్‌కి. నా నూకాలుకి. మళ్లీ చదివింది, చదివిన కొద్దీ నాన్న గొంతు అరిగిపోయి తన గొంతే వినబడుతోంది. అయ్యగారు మైకులో చదివేది ఈ పేజీనే. ముందు వరసలో అమ్మ, అమ్మ పక్కన ప్రేమలీలమ్మ గారు. ఏదో క్రిస్మస్ విందుకి బుట్టలకొద్దీ చేపలొస్తే, స్త్రీల సమాజం అంతటి ముందూ ప్రేమలీలమ్మ గారే కదా, "అవి మన నూకాలుకి ఇచ్చీండి, పుట్టినకాణ్నుంచీ అలవాటున్న పని" అన్నది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ చేపలన్నీ ఒక్కతే బాగుచేసింది, ఇంటికొచ్చి సబ్బు పెట్టి చేతులు రుద్దుకుంది, రుద్దుకుంటూనే ఉంది, నాన్న వచ్చి పంపు కట్టేసేదాకా. ఆ తర్వాత నాన్న చర్చి గేటు లోపల ఎప్పుడూ నూకాలు అనలేదు. మరి ఇప్పుడు అదే చర్చిలో, మైకులో, నూకాలు? అమ్మ తల దించుకుంటే? నాన్న ఏడాది కూడిక రోజున, తన కూతురి చేతి చలవ వల్ల? పోనీ రేచల్ అని వదిలేస్తే ఏ గొడవా లేదు, ఎవరికీ తెలీదు. కానీ ఆయన నూకాలు అని ఉంటే? పోతూ పోతూ ఆయన ఆమెకి ఇచ్చింది ఇదొక్కటే, దాన్ని ఇంకో పేరుమీద మార్చేసినట్టే కదా. నువ్వెవరే దీనా, ఆయన మాట మార్చడానికి? టింగుమని ఉదయ్‌కుమార్ మెసేజి. అక్కా, అందరూ వచ్చీసేరు, అయ్యగారు ఫోను అడుగుతన్నారు, పంపీసేవా?

డాక్‌యార్డ్ వంతెన దగ్గర లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను కట్టేసేసరికి ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దానికి అమ్మ కదిలింది.

"వచ్చీసేమేటి?"

"లేదమ్మా, లారీలు. పడుకో."

"పడుకోడానికేటి, నీ బుజం ఒకటే అదురుతంటే నిద్దరెలగొత్తాది? ఎక్కినకాణ్నుంచీ సూత్తన్నాను, నవ్వుతన్నావ్, ముక్కు ఎగబీలుత్తన్నావ్, ఆ ఫోను పొడుత్తనే ఉన్నావ్. ఏటైందే?"

ఇక దాచడం దీనా వల్ల కాలేదు. జాతర దగ్గర్నుంచి మొదలెట్టి, ఇద్దరు పెళ్లాల భయం దాకా, నూకల జావ దాకా, ఒక్క గుక్కలో చెప్పేసింది. రేచల్మ్మ తల్లి అన్నచోట అమ్మ నవ్వుతుందేమోనని చూసింది. నవ్వలేదు. తెల్లచీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

"అంటే, నా పేరు తీసీసేవేటి?"

"తీసీసేనమ్మా. మళ్లీ ఎట్టీసేను, అన్నీ ఎట్టీసేను. ఒక్కటే మిగిలింది. ఈ పుస్తకం నీకే ఇత్తన్నానని మొదటి పేజీలో సెప్పేడు నాన్న. ఏ పేరుతోటి సెప్పేడో నాకు తెల్దు." అంతవరకూ ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. "నాకు తెల్దమ్మా."

అమ్మ కిటికీ అవతలికి చూస్తోంది. పోర్టు క్రేన్లు మెడలెత్తి నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"కతంతా సెప్పడం అయిపోయిందన్న సాయంత్రం, నాను ఒంటింట్లో పీతలు బాగుసేత్తన్నాను. బాల్కనీలోంచి నూకాలూ అన్నాడు. సేతులు కడుక్కోకండానే ఎల్లేను, ఏటీ అని. నిన్ను కాదే, ఎల్లెల్లు అన్నాడు. వచ్చి కూకున్నానో లేదో, మళ్లీ నూకాలూ. మళ్లీ లెగిసేను. నిన్ను కాదంటే ఇనవేటి, దీనితోటి మాటాడతన్నాను, ఇది సరిగ్గా రాయట్లేదు అని ఫోను సూపించేడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిలిసీది, పొమ్మనీది, ముసలోడికి మతి గాని పోయిందా అనుకున్నాను. మూడోపాలి కూడా పిలిసేడు. బాగా గట్టిగా పిలిసేడు." అమ్మ కొంగు విప్పి మళ్లీ చుట్టుకుంది. "అప్పుడు నాను లెగలేదు."

దీనా అమ్మ వైపు తిరిగింది.

"ఇదేనేటే? మొదటి పేజీలోకి నువ్వడిగిన పేరు ఇదేనేటి?"

"ఇదేనమ్మా. పుస్తకమంతా అయిపోయేక ఆఖర్న ఇదొక్కటీ సెప్పుకున్నాడు."

"అయితే నన్నే పిలిసేడు" అంది అమ్మ. "నాను ఎల్లుండాల్సింది."

లారీ ఒకటి హారన్ కొట్టి ఊరుకుంది. దీనా వేలు నూకాలు అని కొట్టింది, కొట్టి, పంపకుండా ఆగింది. "అమ్మా, ఇది అయ్యగారు మైకులో సదువుతారు. ప్రేమలీలమ్మ గారూ ఆళ్లంతా ఉంటారు. నీకు ఇట్టం లేకపోతే..."

"సదవనీ." అమ్మ ఈసారి వెంటనే అంది. "నవ్వితే నవ్వనీ. ఆ పేరుతో నన్ను పిలిసీవోళ్లు ఎవలున్నారే ఇప్పుడు? మాయమ్మ పోయింది. మీ నాన్న పోయేడు. కూతురివి, నువ్వు పిలవవు. ఎవలైనా సదివితే పిలిసినట్టే గదా." ఫోను మీదికి వంగి చూసింది. అమ్మకి వచ్చిన చదువంతా నాన్న నేర్పిందే, బైబిల్లో పెద్దక్షరాల కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతుంది, ఫోను మీద అక్షరాలు ఆమెకి ఆనవు. దీనా వాటిని పెద్దవి చేసింది. అమ్మ చూపుడువేలు అద్దం మీద నిలబడింది. "ఇదేనా నాను?"

"ఇదే."

"ఎప్పుడూ సూణ్ణేదే. రాత్తే ఇలగుంటాదా." కాసేపు చూసి, వెనక్కి వాలి, కళ్లు మూసుకుంది. "ఓపాలి సదువు. ఆడు సెప్పినట్టు."

బస్సు ఇంజను మళ్లీ మొదలైంది. నలభై రెండేళ్ల వయసులో దీనా తల్లిని పేరు పెట్టి ఎన్నడూ పిలిచి ఎరగదు, పక్కింటివాళ్లతో చెప్పేటప్పుడు కూడా మా అమ్మ అనే అంది. సిగ్గు పక్కన పెట్టి, ఎదురు సీటాయన తిరిగి చూస్తున్నా సరే అని, బాల్కనీలోంచి వంటింటికి వినబడేంత గట్టిగా చదివింది.

"ఈ పుస్తకం నా నూకాలుకి."

అమ్మ కళ్లు తెరవలేదు.

"ఆఁ" అంది. "వత్తన్నాను."